మూడోవాడెవడు?

మా ఆవిడ గేలిత్సాకు వేదికంటే భయం అంటే ఎవరూ నమ్మరు. జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకుని, చెక్క వేణువును పైకెత్తి, గిటార్ల హోరును మించి గొంతెత్తి పాడుతుంటే అబ్బో ఏం తెగువ అనుకునేవారు జనం. తెగువా పాడా! కళ్ళు మూసుకునేది జనం కనబడకుండా ఉండాలని. పక్కనే బేస్ గిటార్ పట్టుకుని నిలబడేవాణ్ణి, నాకు తెలియదా?

ఆమెది హలోజె కొండల్లోని ద్రాక్షతోటల ఊరు. వేణువు వాళ్ళ తాత చెక్కి ఇచ్చింది. మొదటిసారి పాడింది ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ జాతరలో. కాల్చిన సాసేజీలు తిని పోల్కా చిందులేద్దామని వచ్చినవాళ్ళ ముందు, వాళ్ళ అమ్మమ్మ పాడే ద్రాక్షకోత పాటను మేము డ్రమ్ములతో, కరెంటు గిటార్లతో మొదలుపెట్టాం.

"పోల్కా వాయించండ్రా! ఎవరు చచ్చారని ఈ ఏడుపు?" అని అరిచాడు ఒక తాగుబోతు.

"నువ్వు పడుకో మావయ్యా, నీకోసం జోలపాట కూడా పాడతాలే," అంది గేలిత్సా మైకులో. అందరూ పడీపడీ నవ్వారు. పాట అయ్యాక ఫైరింజను వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకుంది. జుట్టు పట్టుకున్నది నేను. మా ప్రేమ అక్కడ మొదలైంది, ఏం చేస్తాం.

తర్వాత ప్తుయ్ పట్నం, రాజధాని ల్యుబ్ల్యానా, రేడియో, రికార్డులు. పేరొచ్చింది కానీ భయం పోలేదు. ప్రతి కచేరీకీ అదే వాంతి, అదే నేను.

మా ఇద్దరికీ ఒకే ఒక్క తగాదా. సంస్కృతంలోలాగే మా భాషలోనూ ద్వివచనం ఉంది. ఇద్దరు వెళ్తే ఒక క్రియ, ముగ్గురు వెళ్తే ఇంకొకటి. నాది మాత్రం సముద్రం వైపు రాళ్ళసీమ. మా వైపు ఆ తేడా ఎప్పుడో అరిగిపోయింది. ఇద్దరైనా ఇరవైమందైనా మాకు ఒకటే. మొదటిసారి కాఫీకి పిలిచినప్పుడు నేనన్నది ఆమె చెవికి "అందరం పోదామా?" అన్నట్టు వినబడిందట. వెనక్కి తిరిగి చూసింది.

"మూడోవాడెవడు? వాడి కాఫీ నువ్వే పోయించు."

పెళ్ళయినా ఆ దెప్పుడు పోలేదు. నేను తప్పినప్పుడల్లా "మూడోవాడెవడు?" అనాల్సిందే.

పోయిన శరదృతువులో ఆమె మెడలో గడ్డ కనబడింది. తీసెయ్యాలన్నారు. గొంతును ఆడించే నరం సరిగ్గా దాని వెనకే ఉందట. "పాట సంగతి ఇప్పుడే చెప్పలేను," అంది డాక్టరమ్మ. ఆ రోజు నుంచి ఇంట్లో పాట ఆగిపోయింది. వేణువు కూడా ముట్టుకోలేదు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేను పిడికిళ్ళు బిగించి కూర్చున్నాను. మావాళ్ళు మంచి జరగాలని కోరుకునే పద్ధతి అది. అరచేతుల్లో గోళ్ళు దిగాయి.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కానీ ఆమె నోరు తెరవలేదు.

"ఏదైనా ఒక్క మాటనమ్మా," అని నర్సులు అడిగితే తల అడ్డంగా ఊపేది. పెదాలు బిగించేది. "నరం బాగానే ఉందనుకుంటున్నాం. ఆవిడ మాట్లాడితేనే కదా తెలిసేది!" అని డాక్టరమ్మ నా మీద విసుక్కుంది. నాకు అర్థమైంది. మాట్లాడనంతవరకు గొంతు పోనట్టే. నేనూ బలవంతపెట్టలేదు. ఆమె నోరు తెరిచాక గాలి మాత్రమే వస్తే? పిరికివాణ్ణి, ఆపిల్ ముక్కలు కోస్తూ కూర్చున్నాను.

ఇంటికి పంపే రోజు వచ్చింది. సంచీ సర్దాను. ఆమెకు కోటు తొడగబోయాను. కంగారులో నా నోట మా రాళ్ళసీమ మాటే వచ్చింది.

"ఇక అందరం ఇంటికి పోదాం."

ఒక చెయ్యి కోటులో, ఇంకొకటి బయట. ఆగిపోయింది.

"మూడోవాడెవడు?"

బొంగురుగా, గరగరలాడుతూ వచ్చింది. కానీ గాలి కాదు, గొంతే. ఆమె గొంతే. ఉలిక్కిపడి మెడ మీద చెయ్యి వేసుకుంది. మళ్ళీ మెల్లగా అంది.

"మూడోవాడెవడు, ఏగోన్?"

నా పేరు చివర, పాటలో లేపినట్టు గొంతు లేపింది. మధ్యలో తెగింది. మళ్ళీ అందుకుంది.

"నీ గొంతే," అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. "నువ్వు, నేను, అది."

"తప్పు మాట్లాడింది చాలక సమర్థింపొకటి! ముందు ఆ కోటు సరిగ్గా పట్టుకో."

మెట్లు దిగుతూ కూడా తిడుతూనే ఉంది. ఆ గొంతు మళ్ళీ ఎక్కడ ఆగిపోతుందోనని నాకు ఒకటే భయం. అందుకే మెట్టు మెట్టుకీ కావాలని ఒక తప్పు మాట్లాడాను.