ఎండ ఎటు పడుతుంది?

మా తమ్ముడి భార్య బస్సు డ్రైవరు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "నిజంగానా?" అంటారు. నిజంగానే. అబద్ధమే చెప్పాలనుకుంటే ఇంకా పెద్దది చెప్పేదాన్ని. వాళ్ల నాన్న నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. పద్దెనిమిది నిండిన మర్నాడే ఈవిడ వెళ్లి లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. డిపోలో ఉద్యోగం పరీక్ష రోజున రెండు డ్రమ్ముల మధ్య నుంచి బస్సును వెనక్కి తీయమన్నారట. డ్రమ్ము ఎప్పుడు పడుతుందా అని చూడ్డానికి గోడ వెంట వరసగా నిలబడ్డ మగవాళ్లు, పడకపోయేసరికి ఒక్కొక్కరే టీ తాగడానికి వెళ్లిపోయారు. తొమ్మిదేళ్లయింది. పదకొండు మంది డ్రైవర్లలో ఇప్పటికీ ఆమె ఒక్కతే ఆడది.

నాది బస్టాండు పక్క సందులో ఫ్యాన్సీ షాపు. పిన్నులు, రిబ్బన్లు, పౌడర్లు, క్రీములు. నేను ఆమెకు వదినను. వయసులో పెద్దదాన్ని, నోటిలో ఇంకా పెద్దదాన్ని. ఈ కథలో తప్పు చేసింది నేనే కాబట్టి చెప్పే హక్కు కూడా నాదే.

పాప పుట్టాక మా మరదలి మొహం మీద పల్చటి నీడలాంటి మచ్చలు వచ్చాయి. కాన్పు తరవాత చాలామందికి వస్తాయి, పోతాయి. ఈమెకు పోలేదు సరికదా, ఏడాదికేడాది ముదిరాయి. కుడి చెంప ఎముక మీద అరచేతిలో సగమంత, కణత దగ్గర ఒకటి, పైపెదవి మీద మీసకట్టులా ఒకటి. మంగు మచ్చలు. ఇక చూసుకోండి, దారిన పోయే ప్రతివాళ్లూ డాక్టర్లే. ఒకావిడ లివరు చూపించుకోమంది. ఇంకొకావిడ నిద్ర చాలట్లేదంది. మా తమ్ముడు మాత్రం "నాకు బాగానే కనిపిస్తోంది" అన్నాడు. ఇంటి గోడలకు రంగు మార్చినా వారం దాకా గమనించని మనిషి సాక్ష్యం ఎవరికి కావాలి?

"మచ్చలుంటే స్టీరింగు తిరగదా వదినా?" అని నవ్వేసేది ఆమె. కానీ అద్దం ముందు ఆగడం మానేసింది. ఫొటోల్లో ఎడమ చెంప కెమెరా వైపు తిప్పి నిలబడేది. అది నేను చూశాను. అందుకే నా షాపులోంచి ఒక చిన్న తెల్ల డబ్బా తెచ్చి ఇచ్చాను. దాని మీద గులాబీ బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఎవరు చేశారో, లోపల ఏముందో ఒక్క అక్షరం లేదు. సరుకు తెచ్చేవాడు "ఇరవై రోజుల్లో మొహం మల్లెపువ్వు" అన్నాడు, నేను నమ్మాను. నమ్మడమేమిటి, అంతకుముందే యాభై మందికి అమ్మాను.

ఇరవై రోజుల్లో మొహం నిజంగానే తేటపడింది. నేను వీధంతా తిరిగి చెప్పుకున్నాను. మూడో నెలకు చర్మం ఉల్లిపొరలా పలచబడి ఎర్రగా కందింది. చెంపల నిండా చిన్న చిన్న కురుపులు, దవడ మీద నూగు. ఒకరోజు రాయకపోతే మంట. ఎండ తగిలితే కారం పూసినట్టు మంట. కింద నుంచి మచ్చలు మునుపటికన్నా నల్లగా లేచాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే నేను చేసిన వైద్యం.

ఒక పొద్దున్న సగం దారిలో ఆ మంటకు కళ్లలో నీళ్లు కారి రోడ్డు మసకబారితే, బస్సును పక్కకు తీసి ఆపేసింది. తడి గుడ్డ మొహాన కప్పుకుని పది నిమిషాలు కూర్చుంది. జనానికి ఏమీ కాలేదు, కానీ బస్సు ఆలస్యమైంది. మా డిపో మేనేజరుకు ఆలస్యమంటే పడదు. ఆయన్ని వెనకాల అందరూ సెకన్ల ముల్లు అంటారు. సాయంత్రం పిలిచి, "చూడమ్మా, బాధపడకు. నెలాఖరు దాకా చూస్తాను. తగ్గకపోతే టికెట్ కౌంటర్లో కూర్చో. నీడ పట్టున ఉంటావు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు మొదటిసారి ఆమె ఏడవడం చూశాను. "మచ్చలుంటే ఉండనీ వదినా. స్టీరింగు పోతే నేనేంటి?" అంది.  

మర్నాడు ఆ డబ్బా చేతిలో పట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆవిడ డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇది ఎవరిచ్చారు?" అంది.

"నేనే" అన్నాను.

"ఇందులో స్టెరాయిడ్ కలిపినట్టుంది. మొదట్లో మెరుపు, తరవాత ఇదీ. ఒక్కసారిగా మానేస్తే ఇంకా మండుతుంది, నేను చెప్పినట్టు మెల్లగా మానిపిద్దాం." ఆవిడ మా మరదలి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది. "ఎడమ వైపుకన్నా కుడి వైపు రెట్టింపు ఉంది. ఏం పని చేస్తారు మీరు?"

"బస్సు నడుపుతానండీ."

"అదీ సంగతి. కిటికీ కుడి పక్కనే కదా. అద్దం వేసుకున్నా ఎండలో మచ్చ తెచ్చే భాగం లోపలికి వస్తూనే ఉంటుంది."

రాత్రి రాసుకునే మందు ఇచ్చింది. చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఒకటి రాసింది. చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలు పిండుకుని, మొహానికీ మెడకూ అంతా రాయాలి, శనగ గింజంత కాదు. మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. "ఎండ తగ్గకపోతే మాత్రం నా మందులు ఒట్టి ఖర్చు" అని తేల్చేసింది.

ఎండ ఎలా తగ్గుతుంది? కిటికీకి గుడ్డ కడదామంటే పక్క అద్దం కనిపించదు, డిపో ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నల్ల కాగితం అంటించడం నిబంధనలకు విరుద్ధం. మొహానికి చున్నీ చుట్టుకుంటే చూపు పక్కకు ఆనదు. వారం రోజులు ఆమె ఇదే ఆలోచిస్తూ బస్సు నడిపింది.

జవాబు రోజూ ఆమె నోట్లోనే ఉంది. బస్సు బయల్దేరే ముందు ఎక్కినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, సీటు కోసం అటూ ఇటూ చూసి, "ఎండ ఎటు పడుతుందమ్మా?" అని. "కుడివైపు. ఎడమవైపు కూర్చోండి" అని ఆమె తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఒక ముసలాయన అదే అడిగాడు. అదే చెప్పింది. చెప్పి, తాళం చెవి తిప్పబోతూ ఆగిపోయిందట. పొద్దున్న కూడా కుడివైపే అన్నాను కదా అని.

ఆమె డ్యూటీ ఏమిటంటే, పొద్దున్న ఏడున్నరకు మా డిపోలో బయల్దేరి నేరుగా ఉత్తరానికి మూడున్నర గంటలు నడిపి పేపరు మిల్లు ఊరికి చేరడం. సూర్యుడు తూర్పున, అంటే కుడి చెంప మీద. అక్కడ తిని, రెండింటికి బయల్దేరి దక్షిణానికి రావడం. సూర్యుడు పడమటికి తిరిగాడు, అంటే మళ్లీ కుడి చెంప మీదే. సాయంత్రం ఐదున్నరకల్లా ఇంట్లో ఉండొచ్చు, రాత్రులు బయట గడపక్కర్లేదు, ఆడమనిషి కదా అని మేనేజరు దయతలిచి ఖాయం చేసిన డ్యూటీ అది. మిగతా డ్రైవర్లందరికీ డ్యూటీలు మారుతుంటే ఈమెకు మాత్రం తొమ్మిదేళ్లుగా రోజుకు రెండుసార్లు ఒకే చెంప మీద దెబ్బ.

దీనికి ఎదురు డ్యూటీ ఒకటుంది. మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ బయల్దేరి, రాత్రి ఆ ఊళ్లో పడుకుని, పొద్దున్నే తిరిగి రావడం. అందులో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎండ ఎడమవైపే. ఆమె అడగదలుచుకున్నది అదే.

సోమవారం పొద్దున్న డిపోలో, ఊళ్లో ఉన్న డ్రైవర్లందరికీ మీటింగు ఉంటుంది. ఆ రోజు ఆమె టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లింది. మరిచిపోయిందో, నేనే సంచిలోంచి తీసి దాచానో అడక్కండి. డబ్బా పట్టుకుని నేను గేటు దగ్గర నిలబడ్డాను.

ఆమె విషయం చెప్పింది. మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. "మొహం మచ్చల కోసం డ్యూటీలు మారుస్తామా తల్లీ? కౌంటర్ ఇస్తానన్నాను కదా."

"మొహం మచ్చలు నా ఒక్కదానివే అయితే అడగను సార్. ఐదు నిమిషాలివ్వండి." ఆమె డ్రైవర్ల వైపు తిరిగింది. "బాబాయ్, కొంచెం చొక్కా చేతులు పైకి మడవండి. రెండూ."

ఆమె బాబాయ్ అన్నది అందరికన్నా పెద్ద డ్రైవర్ని. మడిచాడు. కుడి చెయ్యి మాడిన రొట్టెలా ఉంది, ఎడమ చెయ్యి వేరేవాళ్లదేమో అన్నట్టుంది. అది చూసి పక్కవాడు మడిచాడు. తరవాత అందరూ మడిచారు. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకడికి కుడి కణత మీద, ఒకడికి కుడి చెంప మీద, ఒకడికి కుడి కంటి కింద. ఇన్నేళ్లూ పక్కపక్కన టీలు తాగారు గానీ ఎవడూ ఎవడి చెంపా చూసిన పాపాన పోలేదు.

"సార్ది కూడా చూడండమ్మా, ఆయన ఈ పొద్దుటి బస్సే పదేళ్లు తోలాడు" అన్నాడు పెద్దాయన.

మేనేజరు చెయ్యి తెలియకుండానే కుడి చెంప మీదికి వెళ్లింది. అక్కడ మూడు పెద్ద మచ్చలున్నాయి, గేటు దగ్గరికి కూడా కనిపిస్తున్నాయి. "ఇవి వయసుతో వచ్చినవి" అన్నాడు.

"వయసు కుడి చెంపకే వచ్చిందా సార్?" అంది మా మరదలు.

ఎంత మెల్లగా అడిగిందంటే, అందులో ఎగతాళి వెతికినా దొరకదు. మిగతా డ్రైవర్లు నేల చూపులు చూస్తూ నవ్వాపుకున్నారు. నేను మాత్రం ఆపుకోలేదు. మేనేజరు పక్కన ఆగి ఉన్న బస్సు అద్దంలోకి వంగి ముందు ఆ చెంప, తరవాత ఈ చెంప చూసుకున్నాడు. చాలాసేపే చూసుకున్నాడు. తనదాకా వస్తే గాని తెలియదంటారు, ఆయనకైతే తన దాకా వచ్చి ఇరవై ఏళ్లయినా తెలియలేదు.

"ఎండ ఎటు పడుతుందో చూసుకుని కూర్చునే హక్కు బస్సులో అందరికీ ఉంది సార్, డ్రైవరుకు తప్ప" అంది ఆమె. "నాకు ఎదురు డ్యూటీ ఇవ్వండి. పొద్దుటి బస్సు మిగతావాళ్లు తలా ఒక వారం పంచుకుంటారు, ఎవరి మీదా బరువు పడదు."

"అక్కడ ఆడవాళ్లు పడుకోవడానికి గది లేదు కదా."

"పాత టైర్లు పడేసిన గది ఉంది సార్. కిటికీ ఉంది, లోపల గడియ ఉంది. నిన్న కొలిచి వచ్చాను. మంచం పడుతుంది."

"మరి పిల్ల?"

"పిల్లను నేను చూసుకుంటాను" అన్నాను గేటు దగ్గర నుంచి. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మేనేజరు నన్నూ, నా చేతిలోని టిఫిన్ డబ్బానూ చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

"మా వదిన" అంది ఆమె. ఆ మాట అన్న తీరులో కోపం లేదు. గులాబీ బొమ్మ డబ్బా ఇచ్చినందుకు ఆమె నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది. ఆ రోజు మాత్రం నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది.

మేనేజరు అక్కడే నిలబడి ఆర్డరు రాసి సంతకం చేశాడు. పైగా ఆ సాయంత్రం నా షాపుకొచ్చి, ఎవరూ లేకుండా చూసి, "మీ మరదలు రెండు వేళ్ల మీద పిండుకుని రాసుకునే ఆ క్రీము మీ దగ్గర ఉంటుందా?" అని అడిగాడు. మందుల షాపుకు పంపించాను. నా షాపులో మొహానికి రాసేవన్నీ తీసి పారేసి చాలా రోజులైంది. డబ్బా కొన్న యాభై మందిలో గుర్తున్నవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి చెప్పి, తిట్లు తిని వచ్చాను.

ఎనిమిది నెలలు గడిచాయి. మంట రెండో నెలకే పోయింది. ఆరో నెలకు చర్మం కుదుటపడింది. పైపెదవి మీదది లేనే లేదు, చెంప మీదది వెతికితే కనిపించేంత పల్చబడింది. మళ్లీ రావచ్చు, ఎండ విషయంలో ఏమరుపాటు వద్దంది డాక్టరమ్మ. రానీ, దారి తెలుసు మాకు. మొన్న తీయించుకున్న ఫొటోలో మా మరదలు నేరుగా చూస్తూ నిలబడింది.

నిన్న మధ్యాహ్నం పాపను తీసుకుని ఆమె బస్సు ఎక్కాను. ఆమె టోపీ సర్దుకుని, సీసాలోంచి రెండు వేళ్ల పొడవునా పిండుకుని మొహానికి రాసుకుంటోంది. ఒకావిడ చేతిలో సంచులతో ఎక్కి, సీట్ల మధ్య నిలబడి, "ఎండ ఎటు పడుతుందమ్మా?" అంది.

"ఎడమవైపు" అంది మా మరదలు, తాళం చెవి తిప్పుతూ. "కుడివైపు రండి, నా వెనకాల కూర్చోండి."