పిన్ని పాస్‌వర్డ్

కిందటి వారం ఆఫీసులో నా సంతకానికి వచ్చిన ఒక సమాధానం చదివి, సంతకం పెట్టలేక పక్కన పెట్టేశాను. క్రిప్టోకరెన్సీ దాచుకునేవాళ్ల పాస్‌వర్డ్ లాంటి రహస్య తాళాలకు కాపలా కాసే సాఫ్ట్‌వేరు తయారుచెయ్యడం మా పని. ఎవరో పెద్దాయన తన ఖాతా ఖాళీ అయిందనీ, పంపింది తను కాదనీ మొరపెట్టుకుంటే, మా పిల్ల ఇంజనీర్లు, తాళం మీ దగ్గరే ఉంది కాబట్టి పంపింది కూడా మీరే అవుతారని మర్యాదగానే రాశారు. నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ అచ్చం ఆ మాటే నేను అమలాపురంలో, ఇరవయ్యేళ్ల పైమాట, నా చెవులతో విన్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల చివర్లో ఏ సందు చూసినా కంప్యూటర్ కోచింగ్ బోర్డులే. నేనూ ఆ వరసలోనే డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఎందుకని మా మావయ్య పెట్టిన నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. ప్లైవుడ్ అరలు, ప్లాస్టిక్ కుర్చీలు, మోడెమ్ కీచుమని అరిచి లైను కలిసేదాకా అందరం ఊపిరి బిగబట్టుకుని చూడడం, తీరా కలిశాక కరెంటు పోవడం. మావయ్య చెల్లెలు, అంటే మా పిన్ని, ఉప్పలగుప్తం నుంచి శుక్రవారం శుక్రవారం బస్సులో వచ్చేది. బాబాయి మస్కట్‌లో ఉండేవారు, ఆయనకు అది సెలవు రోజు. ఫోనులో ఎక్కువసేపు మాట్లాడుకునే రోజులు కావుగా, కొబ్బరి దింపు సంగతీ, చెరువు గట్టు తెగిన సంగతీ, అత్తగారి మోకాళ్ల నొప్పులూ అన్నీ ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒక్క వేలితో కొట్టుకుంటూ, మధ్య మధ్య తనలో తను నవ్వుకుంటూ రాసేది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం నాకు కూడా కనిపించకుండా కొంగు అడ్డం పెట్టుకునేది.

ఒకసారి వరసగా కొన్ని వారాలపాటు బాబాయి నుంచి జవాబు రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని మావయ్యే ఫోను చేశాడు.

"మీ చెల్లెలు ఏం రాసిందో మీరే చూసుకోండి బావగారూ," అన్నారట ఆయన.

పిన్ని తన మెయిలు తెరిచింది. పంపినవాటిలో ఆమె ఎరగని ఉత్తరం ఒకటుంది. నాకు ఇక్కడ వేరే తోడు దొరికింది, మీరు రానక్కర్లేదు అని, ఆమె రాసే తీరులోనే, ఆమె పేరుతోనే. తను రాయలేదని పిన్ని అన్నగారి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మావయ్య మళ్లీ ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"ఆ పాస్‌వర్డ్ తనకి తప్ప ఎవరికీ తెలీదని తనే చెప్పిందండీ. మరి రాసిందెవరండీ?" అంది అందులోంచి బాబాయి గొంతు.

ఆ సాయంత్రమే పిన్ని ఎప్పుడూ కూర్చునే కంప్యూటరు విప్పదీసినంత పనిచేసి వెతికాను. మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ చప్పుడు లేకుండా దాచుకునే ప్రోగ్రాం ఒకటి అందులో దొరికింది. కొంగు అడ్డం పెట్టుకుంటే ఆగేది కాదు అది. ఎంత ఆశగా బాబాయికి ఫోనులో వివరించానో.

"ఆయ్, అలాగా అమ్మా," అన్నారు ఆయన నెమ్మదిగా. "మీ పిన్ని కోసం నువ్వు ఆ మాత్రం చెప్పడంలో తప్పులేదులే."

ఆ ప్రోగ్రాం పెట్టిందెవరో ఈనాటికీ తెలీదు. వచ్చిన ప్రతి మనిషి మొహం వంకా అనుమానంగా చూసీ చూసీ, మావయ్య ఆ కొట్టు మూసేసి జిరాక్స్ మిషను పెట్టుకున్నాడు. నేను హైదరాబాదు వెళ్లాను. తోటివాళ్లు ఏ భాష నేర్చుకుంటే అమెరికా వీసా వస్తుందని చర్చించుకుంటుంటే, మిషను మనిషిని ఎలా గుర్తుపడుతుందన్న ఒక్క సంగతే నన్ను పట్టుకుంది. ఒక బ్యాంకు లాగిన్ పరీక్షించే చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి చాలా ఏళ్లు అక్కడే ఉన్నాను. తరవాత క్రిప్టో వచ్చింది. మేనేజరు లేడు, కౌంటరు లేదు, తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే యజమాని అని అందరూ మురిసిపోతుంటే నాకు భయం వేసింది. ఆ భయంతోనే అటు వెళ్లాను. నేను రాసిన సాధనం డబ్బు బయటికి పోకముందే ఆగుతుంది, నిజంగా మీరేనా అని వేరే ఫోనులో అడుగుతుంది, యజమాని నమ్మిన ఇంకో మనిషిని కూడా అడుగుతుంది. ఆ పెద్దాయన దాన్ని పెట్టుకోలేదు.

బాబాయి కొన్నాళ్లకు వచ్చేశారు. కాపురం నిలబడిందనే ఊళ్లో అందరూ అన్నారు. ఆయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, కాకపోతే పిన్ని ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడుతుంటే లేచి లోపలికి వెళ్లిపోయేవారు. కొన్నాళ్లకు ఆమె నవ్వడం మానేసింది. నిరుడు ఆయన కాలం చేశారు.

మొన్న ఉప్పలగుప్తం వెళ్లినప్పుడు, నువ్వు చేసే ఉద్యోగం ఏంటమ్మా అని పిన్ని అడిగితే, తోచినట్టు చెప్పాను. చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది.

"పంపింది నువ్వేనా అని అడుగుతుందా?"

"అడుగుతుంది పిన్నీ."

"మీ బాబాయి అడగలేదమ్మా," అంది. "ఒక్కసారి కూడా అడగలేదు."

ఇప్పుడు పిన్ని ఉండే వీధిలో గల్ఫు వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఫోను పొయ్యి పక్కన నిలబెట్టుకుని, అవతల మొగుడి మొహం చూస్తూ కూర తాలింపు పెడుతున్నారు. ఉప్పు ఎక్కువేశావా అని ఆయన అడగడం, లేదండీ అని ఈవిడ నవ్వడం పక్కింట్లోకి వినపడుతూనే ఉంటుంది. పిన్ని గుమ్మంలో కూర్చుని ఆ మాటలు వింటూ ఉంటుంది, వాళ్లు ఫోను పెట్టేసేదాకా.