నేను వేయని తెల్ల ముగ్గు

ఇది ఎప్పుడో రాయాల్సింది. అక్షరాలు రాక కొంతకాలం రాయలేదు, వచ్చాక కూడా కొంతకాలం రాయలేదు.

నా చిన్నప్పుడు బడి గంట మా ఇంటికి వినిపించేది. సరిగ్గా అదే వేళకు జెట్టీ మీద చేపల పాట మొదలయ్యేది. పాట అంటే వేలం. రెండూ ఒకేసారి చెవిన పడితే మా ఇళ్ళలో ఆడపిల్ల ఎటు పరుగెత్తేదో వేరే చెప్పక్కర్లేదు. అమ్మ వెనకే గంప ఎత్తుకున్నాను. పెళ్ళయ్యాక అత్త వెనక ఎత్తుకున్నాను. పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోయి, జుట్టు నెరిశాక అక్షరాలు దిద్దాను.

దిద్దించింది మా పక్కింటి వదిన. చుట్టరికం ఏమీ లేదు. మా ఇళ్ళకు గోడ ఒకటే, అందుకని ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. ఇప్పటికీ నా అక్షరాలు ఆమె అక్షరాల్లాగే ఉంటాయి, తలకట్టు కొంచెం ఎడమకు వాలి. కలం పట్టుకుంటే చాలు, కాగితం మీద ఆమె చెయ్యి కనబడేది. ఆమె గురించి రాయవలసినది ఆమె చేతిరాతతోనే రాయాలంటే మనసొప్పలేదు. అలా ఆగిపోయాను.

మా వీధి హార్బరుకు దగ్గర. వీధి వెనకంతా పొడవాటి ప్రహరీ గోడ. గోడకు అవతల ఎవరిదో యార్డు, అందులో బొగ్గు గుట్టలు. గాలి అటునుంచి తిరిగితే నల్లదుమ్ము మా డాబాల మీద పడుతుంది. మేం నెత్తళ్ళకు, అంటే వేలెడంత చేపలకు, ఉప్పు పట్టించి ఎండబెట్టుకునేది ఆ డాబాల మీదే. దుమ్ము పడిన నెత్తళ్ళు ఎంత కడిగినా బూడిద రంగు వదలవు. గోపాలపట్నం మార్కెట్లో ఒకావిడ నా గంపలో చెయ్యి పెట్టి, వేళ్ళు చూసుకుని, "ఏటమ్మా ఇయ్యి? కూరలో ఎయ్యాలా, కుంపట్లో ఎయ్యాలా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. గంప మాత్రం ఎలా తీసుకెళ్ళానో అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

మా చదువు ఎవరో వచ్చి పెట్టింది కాదు. వదిన ఏడో తరగతి దాకా చదివింది. మధ్యాహ్నం అమ్మకాలు అయ్యాక, మగవాళ్ళు వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో నలుగురం కూర్చునేవాళ్ళం. ఆమె నేల మీద ముగ్గుపిండితో అక్షరం వేస్తే మేం దాని మీద దిద్దేవాళ్ళం. ఆ వయసులో పలకలు పట్టుకోవాలంటే సిగ్గు. ముగ్గుపిండి అయితే దారిన పోయేవాళ్ళు ముగ్గులనుకుంటారు. నలుగురం కాస్తా వీధి సగమయ్యాం. వాన వస్తే రేకుల కన్నాల్లోంచి కారి అక్షరాలన్నీ కలిసిపోయేవి. "సదువంతా సముద్రంలోకి ఎల్లిపోతందిరా బాబూ!" అని వదిన కొంగు నెత్తిన కప్పుకునేది.

తరవాత ఒక మేడమ్ వచ్చింది. కాలేజీలో సైన్సు చెప్పే అమ్మాయి. ఎండు చేపలు కొనడానికి వచ్చి, మమ్మల్ని చూసి, ఆదివారాలు రావడం మొదలుపెట్టింది. పాఠం చెప్తుందేమో అనుకున్నాం. "మీకేం తెలుసుకోవాలనుంది?" అని అడిగింది. ఎదురింటావిడ అంది: "ఏ రోజు సేపలు నల్లబడతాయో ముందే తెలిత్తే బాగున్ను."

ఆ మాట దగ్గరే మా అసలు చదువు మొదలైంది. ఒక్కో డాబా మీద ఒక తెల్ల పింగాణీ కంచం పెట్టాం. సాయంత్రం కడిగి పెట్టి, తెల్లవారాక చూడాలి. మధ్యలో ముట్టుకోకూడదు, చోటు మార్చకూడదు. "ఒక్కోసారి ఒక్కోలా చూస్తే అది కోపమే అవుతుంది. రోజూ ఒకేలా చూస్తే కొలత అవుతుంది" అని మేడమ్ చెప్పింది. సున్నంలో ఆ దుమ్మునే కొంచెం కొంచెం కలుపుతూ, అట్టముక్క మీద రంగులు పూశాం. వాటికి పేర్లు మేమే పెట్టుకున్నాం: పాలు, గంజి, రాగి జావ, కాటుక. పొద్దున్నే కంచాన్ని ఆ అట్ట పక్కన పెట్టి, ఏ రంగు వచ్చిందో చూసుకునేవాళ్ళం. ఏ గాలికి ఏ రంగు వస్తుందో కొన్నాళ్ళకు మాకే తెలిసిపోయింది. సాయంత్రం గాలిని బట్టి, తెల్లారి చేప ఆరబెట్టాలా వద్దా అనుకునేవాళ్ళం.

ముగ్గు ఆలోచన నాది. ఎలాగూ పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు వేస్తాం కదా, కంచంలో చూసింది అక్కడే వేసేస్తే పోలేదా అన్నాను. ఎనిమిది రేకుల పద్మం వెయ్యాలి. పాల రోజున రేకులన్నీ తెల్లగా వదిలెయ్యాలి. గంజి రోజున రెండు రేకులు, రాగి జావ రోజున సగం రేకులు, కాటుక రోజున మొత్తం ఆ దుమ్ముతోనే నింపాలి. చదువు రానివాళ్ళు కూడా వీధి మొదట నిలబడి చూస్తే చాలు.

వదిన చప్పట్లు కొట్టింది. "ఓలమ్మ! అచ్చరాలు నాను నేర్పితే, అచ్చరాలు నేకుండా రాసీడం ఈ మడిసి నేర్పుతంది!"

మా వీధి పేరు అలా బయటికి వెళ్ళింది. ఆటో తోలే అతను రోజూ మలుపులో బండి ఆపి, "ఏటప్పా, ఇయ్యాల మీ ఈది కాటుకెట్టుకుందేటి? ఎవులికో పెళ్ళిసూపులా?" అనేవాడు. పక్క వీధివాళ్ళు కూడా కంచాలు పెట్టారు. గోడ పొడవునా కానుగ మొక్కలు నాటి, చేపలు కడిగిన నీళ్ళే పోసి పెంచాం.

మాకు ఒక్కటే కట్టుబాటు. కంచంలో ఏది ఉంటే గుమ్మంలో అదే ఉండాలి. ఒక ఇంట్లో పెళ్ళి రోజున కాటుక వచ్చింది. పెళ్ళికూతురి తల్లి, ఆ ఒక్కనాటికి తెల్ల ముగ్గు వేసుకుంటానని బతిమాలింది. వదిన ఒప్పుకోలేదు. "పెళ్ళికూతురికి కాటుక ఉండదేటే? ఎయ్యి నలుపు!" అని తనే వంగి రేకులు నింపింది. ఆ రోజున ఆమెను చూసి నాకు గర్వంగా అనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఎక్కువ కష్టంగా ఉన్నది ఆ సంగతే.

బొగ్గు గుట్టల మీద టార్పాలిన్ పట్టాలు కప్పించమని, నీళ్ళు చల్లించమని పొల్యూషన్ ఆఫీసులో అర్జీ పెట్టాం. చాలా కాలానికి, ఆఫీసు నుంచి మనుషులు వచ్చి ఒక పొద్దున్న వీధి చూస్తారని కబురొచ్చింది. వాళ్ళకు ముగ్గుల సంగతి వివరించి చెప్పాల్సింది నేను. షెడ్డులో నిలబడి పదేపదే చెప్పి చూసుకున్నాను. వాళ్ళు నమ్మితే నా చేపలు మళ్ళీ తెల్లగా ఎండుతాయి. నమ్మకపోతే గంప దించెయ్యడమే. నాకు వేరే పని రాదు.

అప్పుడే భీమిలిలో ఉన్న మా చెల్లెలికి కంటి ఆపరేషను అయింది. వెళ్ళాలా వద్దా అని కొట్టుకుంటున్నాను. ముందురోజు వదిన గోడ మీంచి పిలిచింది.

"ఒదినా, ఆల్లు రేపు రారట. ఒచ్చే వారమట. నువ్వెల్లి మీ సెల్లిని సూసొచ్చీ."

"నిజమేనా?"

"అబద్దమాడతానేటి? నీ గుమ్మం నాను సూసుకుంటాన్లే, ఎల్లు."

ఊరెళ్ళిన వాళ్ళ గుమ్మం బోసిగా ఉండకూడదు. బోసిగా ఉంటే ఆ ఇంట్లో చావు జరిగిందనుకుంటారు. అందుకని పక్కింటివాళ్ళు ముగ్గు వేసి పెడతారు. మా దగ్గర అది మర్యాద. ఎన్నోసార్లు ఆమె గుమ్మంలో నేను వేశాను, నా గుమ్మంలో ఆమె వేసింది. మారుమాట లేకుండా సాయంత్రం బస్సెక్కాను.

మర్నాడు మధ్యాహ్నం తిరిగి వచ్చి వీధి మొదట ఆటో దిగాను. ఆ ఆటో అతనే. "ఏటప్పా, మీ ఈది పాలల్లో మునిగిపోనాది! పొద్దున్న కార్లే కార్లు. పొటోలు తీసుకుని ఎల్లిపోనారు" అన్నాడు.

వీధి పొడవునా తెల్ల పద్మాలు. ఒక్క నల్ల రేకు లేదు. రాత్రి భీమిలిలోనే గాలి పడమటి నుంచి కొట్టింది. ఆ గాలికి మా కంచాల్లో పాలు రావడం నేనెప్పుడూ చూడలేదు. నా గుమ్మం దగ్గరకు వచ్చాను. అక్కడా తెల్ల పద్మమే. ఎవరి ముగ్గు ఎవరిదో మాకు నడక చూసి మనిషిని పోల్చుకున్నంత సులువుగా తెలుస్తుంది. రేకు కొన దగ్గర చిన్న కొక్కెం తిప్పడం వదిన అలవాటు. ఎనిమిది రేకులకూ ఎనిమిది కొక్కేలు ఉన్నాయి.

చేతిసంచీ కింద పెట్టకుండానే వదిన ఇంటికి వెళ్ళాను. ఆమె పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది.

"నా గుమ్మంలో ముగ్గెవులేసినారు?"

"నానే. బోసిగా ఉంటే ఏం బాగుంటాది?"

"పొద్దున్న కంచం ఏ రంగొచ్చింది?"

ఆమె చేతిలో చేప ఆగింది. "కాటుకే" అంది.

నేను సంచీ మెట్టు మీద పెట్టాను. ఆమే చెప్పింది. యార్డు చూసుకునే పెద్దమనిషి మా చదువుకి గది కట్టిస్తానన్నాడట.

"పక్కా గది ఒదినా. పేన్లు, బోర్డు, అన్నీ. ఎన్నాల్లని ఆ కారిపోతన్న షెడ్డులో కూకుంటాం? ఒక్క పూట తెల్లగా ఎయ్యమన్నాడు. ఒక్క పూటేనే!"

"ఆ గదిలో కూకుని ఏటి దిద్దుతాం? తెల్ల రేకులా?"

"నీకన్నీ ఎటకారమే."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఒప్పుతావేటి?"

"ఒప్పను."

"అందుకే సెప్పనేదు" అంది. మళ్ళీ చేప కొయ్యడం మొదలుపెట్టింది.

ఆమె ఒక్కతే కాదు. వీధిలో అందరికీ తెలుసు. ఎదురింటావిడ, మా చదువుకు మొదటి ప్రశ్న వేసిన మనిషి, నన్ను చూసి ఆరేసిన బట్టలు గబగబా తీసుకుని లోపలికి వెళ్ళింది. మనకు తప్ప అందరికీ తెలిసిన మాట ఒకటి ఉందంటే, అది ఎన్నాళ్ళుగా ఉందో అని వెనక్కి లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాం. షెడ్డులో నేను చెప్పి చూసుకుంటున్నప్పుడు వాళ్ళు తలలూపిన రోజులన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఏ రోజు నిజమో, ఏ రోజు నుంచి కాదో తెలియలేదు.

దీపాలు పెట్టే వేళకు మేడమ్ ఫోన్ చేసింది. పొద్దున్న ఆమె కూడా వచ్చిందట. నేనేదని అడిగితే జ్వరం, పడుకుందని చెప్పారట. వచ్చినవాళ్ళు ముగ్గులు చాలా అందంగా ఉన్నాయని మెచ్చుకున్నారట, గాలి బాగానే ఉన్నట్టుందని రాసుకున్నారట.

"వాళ్ళ సంగతి సరే" అంది. "మీరు కూడా వేశారా అమ్మా?"

నా గుమ్మం చూసి అడిగింది. అది నా చేతి ముగ్గే అనుకుంది. నేను ఊళ్ళో లేనని చెప్పాను. "అలాగా" అంది. ఆ మాట అన్నప్పుడు నన్ను నమ్మిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ తరవాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పైన కూడా రాలేదు.

గది కట్టారు. అబద్ధం చెప్పలేదు ఆ పెద్దమనిషి. ఫ్యాన్లు తిరుగుతాయనీ, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్తారనీ విన్నాను. నేను గడప తొక్కలేదు. కానుగ మొక్కలు మాత్రం గోడను దాటాయి. నీళ్ళు నేనే పోస్తున్నాను.

మేడమ్ ఫోన్ చేసిన ఆ రాత్రికి మళ్ళీ వస్తాను. పడుకోబోయే ముందు డాబా మీద నా కంచం కడిగి పెట్టాను.

తెల్లవారి లేచి పైకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే, కాటుక రావాలని మొక్కుకుంటూ మెట్లెక్కాను. ఎనిమిది రేకులూ నల్లగా నింపి, వీధి అంతా చూసేలా వెయ్యాలని ఉంది. గాలి రాత్రే తిరిగి సముద్రం మీంచి వీచినట్టుంది. అట్టముక్క పక్కన పెట్టి చూశాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. గంజి.

కిందికి వచ్చి ఆమె ముగ్గును చీపురుతో ఊడ్చేశాను. కళ్ళాపి చల్లి పద్మం వేశాను. కోపం చేతిలోకి రాకుండా మెల్లగా వేశాను. కంచంలో దుమ్ము గుడ్డతో తీసి రెండే రెండు రేకులు నింపాను. తరవాత పద్మం కింద, ముగ్గుపిండితో, ఆమె నేర్పిన అక్షరాలతోనే రాశాను: నిన్నటిది నేను వేయలేదు.

పక్క తలుపు తీసిన చప్పుడైంది. వదిన బకెట్టుతో బయటికి వచ్చింది. ఆ వేళకు వీధిలో ఇంకెవరూ లేవలేదు, అది మొదట చదివేది ఆమే. చదివింది. నీళ్ళు చల్లకుండానే బకెట్టు పట్టుకుని నిలబడిపోయింది.

నేను చేతులు కడుక్కుని, నెత్తళ్ళ గంప ఎత్తుకుని డాబా ఎక్కాను. గంజి రోజున పలచటి గుడ్డ కప్పితే చాలు, చేప ఎండుతుంది. పరిచి, గుడ్డ కప్పాను.