నల్లపూసల నీడ

రెండువేల సంవత్సరం మొదట్లో నన్ను సింగపూర్‌లో పెద్దాసుపత్రి ఎక్స్‌రే విభాగం నుంచి టోవా పాయోలోని రొమ్ము పరీక్షా కేంద్రానికి సీనియర్ రేడియోగ్రాఫరుగా బదిలీ చేశారు. హోదా ఒక మెట్టు పెరిగింది, పని రెండు మెట్లు పెరిగింది. రోజుకు ముప్పై మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరికి నాలుగు ఫిల్ములు: ప్రతి రొమ్మునూ పైనుంచి ఒకటి, పక్కనుంచి వాలుగా ఒకటి. రెండు పలకల మధ్య గట్టిగా అదిమి తీయాలి కాబట్టి వచ్చినవాళ్లకు నొప్పి, వాళ్లను సరిగా నిలబెట్టాలి కాబట్టి మాకు నడుం నొప్పి. సాయంత్రమయ్యేసరికి నా భుజాలు నా మాట వినేవి కావు.

అక్కడికి వచ్చేవాళ్లు రోగులు కారు. ఏ బాధా లేనివాళ్లే రావాలి. గడ్డ చేతికి తగిలేదాకా ఆగితే అప్పటికే కొంత ఆలస్యమైనట్టు. చేతికి తగలనిదాన్ని ఫిల్ము మీద పట్టుకోవడమే మామోగ్రామ్ అనే ఈ ఎక్స్‌రే ఉద్దేశం. తొలి దశలో క్యాన్సర్ చాలాసార్లు తెల్లటి సున్నపు నలుసులుగా కనిపిస్తుంది, ఉప్పు రవ్వల కన్నా చిన్నగా. ఫిల్ము తీయడం, కడగడం, పనికొస్తుందో లేదో చూడడం మా పని. చదవడం డాక్టరు పని. ఆ గీత మేము దాటకూడదు.

అప్పుడు సింగపూర్‌లో ఎక్కడ చూసినా తెలుగు మాటే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పిలవడం, మనవాళ్లు విమానాలు దిగడం. ఆ ఏడాది తెలుగు సంఘం ఉగాది సభలో నాకు మైకు ఇచ్చారు. నలభై దాటినవాళ్లు ఒక్కసారి వచ్చి పరీక్ష చేయించుకోండి, ఐదు నిమిషాల పని, అక్కడ నేనే ఉంటాను అన్నాను. వెనక వరుసలో పులిహోర తింటున్నవాళ్లు నవ్వారు. ఎలాగైతేనేం, బతిమాలి పన్నెండుమంది పేర్లు రాయించాను.

వాళ్లలో సుజాత ఒకరు. యీషున్‌లో ఉండేవారు, సొంతూరు తెనాలి, నలభై నాలుగేళ్లు. భర్త మురళిగారు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. నెలలో సగం రోజులు జకార్తాకో టోక్యోకో తిరుగుతూ ఉండేవారు.

నడుం పైన ఒంటి మీద లోహమూ పూసా ఏదీ ఉండకూడదని మా నియమం. సుజాత గౌను వేసుకుని వచ్చేసరికి మెడలో మంగళసూత్రం, నల్లపూసలు అలాగే ఉన్నాయి. తీయాలమ్మా అన్నాను. ఆవిడ రెండు చేతులూ గొంతు దగ్గర పెట్టుకున్నారు.

"నా వల్ల కాదక్కా. ఆయన ఇప్పుడు విమానంలో ఉన్నారు. ఈ టైములో తీయమంటావా నన్ను?"

చైనా ఆవిడో మలయ్ ఆవిడో మెడలో గొలుసుతో వస్తే నేను రెండో మాట లేకుండా తీయించేదాన్ని. ఇక్కడ మాత్రం నోరు రాలేదు. నేనూ అలాంటి ఇంట్లో పుట్టినదాన్నే. పైగా నేనే రమ్మన్నాను. గొలుసులు రెండూ వీపు మీదికి వేసి, ప్లాస్టరు అంటించి, ఫిల్ములు తీశాను.

కడిగి చూస్తే ఎడమవైపు వాలు ఫిల్ములో, చంక దగ్గర, నల్లపూసల వరుస తెల్లగా పడింది. చెయ్యి పైకెత్తి ముందుకు వాలినప్పుడు ప్లాస్టరు ఊడి గొలుసు భుజం మీదుగా జారింది. అది మళ్లీ తీయవలసిన ఫిల్ము. అందులో సందేహం లేదు. కానీ సుజాత అప్పటికే చీర కట్టుకుని వాచీ చూసుకుంటున్నారు. బయట తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. మళ్లీ తీసిన ప్రతి ఫిల్మూ మా పేరు కింద నెలనెలా లెక్కలోకి వస్తుంది. నేను ఫారం మీద వ్యాఖ్యల గడిలో "నగ తీయడానికి ఒప్పుకోలేదు, ఎడమవైపు పూసల నీడలు" అని రాసి పంపేశాను. రాసినప్పుడు తప్పు చేస్తున్నానని కాదు, జాగ్రత్త తీసుకుంటున్నాననుకున్నాను. డాక్టరు నా మాట నమ్మి, నార్మల్, రెండేళ్ల తర్వాత రావాలి అని రాశారు. ఉత్తరం వెళ్లిపోయింది.

పన్నెండు రోజుల తర్వాత నెలాఖరు తనిఖీ వచ్చింది. లోపం ఉన్న ఫిల్ములన్నీ తీసి, ఎందుకు చెడ్డాయో రాసుకునే రోజు. సుజాత ఫిల్ము లైట్ బాక్సు మీద పెట్టి భూతద్దంతో చూశాను. పూస అయితే గుండ్రంగా ఉంటుంది, నడుమ చిల్లు ఉంటుంది. వరుసగా చూసుకుంటూ పోయాను. వరుస పక్కన ఐదారు నలుసులకు చిల్లు లేదు. గుండ్రంగానూ లేవు. పైనుంచి తీసిన ఫిల్ములో వెతికాను. చంక వైపు మూల ఆ ఫిల్ములో సరిగా పడదు, ఏమీ తేలలేదు. అవి పూసలు కావు, సున్నపు నలుసులే కావచ్చు.

చదవడం నా పని కాదని చెప్పుకుని ఫిల్ము కవరులో పెట్టేయవచ్చు. పది నిమిషాలు ఆ ఆలోచనతోనే కూర్చున్నాను, దాచడం ఎందుకు. తర్వాత మా చీఫ్ మేడమ్ లిమ్ గదికి వెళ్లాను. ఆవిడ ఫిల్మూ చూశారు, నా వ్యాఖ్యా చూశారు. "నువ్వే రాశావు కదా, ఈ తప్పు మీద రిపోర్టు కూడా నువ్వే రాయి లా" అన్నారు, సింగపూర్‌లో అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తోనే. కేకలేసి ఉంటే బాగుండేది. డాక్టరు చాలాసేపు చూసి, వెంటనే పిలిపించమన్నారు.

ఫోను చేశాను. ఫిల్ము నేను సరిగా తీయలేదు, మళ్లీ రావాలి అన్నాను. నార్మల్ అని ఉత్తరం వచ్చిందిగా అక్కా, రెండేళ్ల తర్వాత వస్తాలే అని సుజాత పెట్టేశారు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. ఆ రెండేళ్లూ నా వ్యాఖ్య వల్ల వచ్చినవే. డ్యూటీ దిగి యూనిఫారంతోనే యీషున్ రైలెక్కాను.

తలుపు తీసింది మురళిగారు. కాఫీ వద్దని, పూసల సంగతి, చిల్లు లేని నలుసుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు.

"పూసలు పడ్డాయని ఆ రోజే తెలుసా నీకు? తెలిసీ పంపించేశావా నన్ను?"

తెలుసు అన్నాను. ఇంకేమంటాను? పదహారేళ్ల కూతురు పుస్తకం లోంచి తలెత్తి, "అమ్మా, జస్ట్ గో లా" అంది. మురళిగారు సుజాతవైపు తిరిగి, "మా టెస్టింగులో ఇలాంటిది కనబడితే రిలీజు ఆపేస్తాం సుజా. పొద్దున్నే వెళ్దాం" అన్నారు. ఆవిడ నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు ఎనిమిదింటికి వచ్చారు. నేను అడగకముందే మెడలో గొలుసులు లేవు, పసుపుతాడు ఉంది. ఇంట్లోనే దారం పసుపులో తడిపి కట్టుకుని, గొలుసులు ఆయన చేతికి ఇచ్చి వచ్చారు. దారం ఫిల్ము మీద పడదు. ఇంత సులువైన దారి ఉందని ఆ రోజు నాకు తట్టనే లేదు. ఆ చోటును పెద్దది చేసి మరో రెండు ఫిల్ములు తీశాను. పూసలు పోయాయి. నలుసులు ఉన్నాయి.

సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. పాలనాళాల లోపలే ఉంది, గోడ దాటలేదు. గడ్డగా మారడానికి దానికింకా వ్యవధి ఉందని, రెండేళ్లు ఆగి ఉంటే ఈ మాట అనగలిగేవాడిని కానేమోనని సర్జన్ అన్నారు. చిన్న ఆపరేషను, ఐదు వారాలు రేడియేషను. రొమ్ము తీయవలసిన అవసరం రాలేదు. సుజాత బతికారు. ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ క్షేమంగా ఉన్నారు.

నా రిపోర్టు నా ఫైల్లో చేరింది. ఆ తర్వాత రావలసిన పదోన్నతి రాలేదు, రాకపోవడం న్యాయమే. సుజాత నాతో మూడేళ్లు మాట్లాడలేదు. నాకు అది పదోన్నతి కన్నా ఎక్కువ బాధ. సంఘంలో కొందరు ఆవిడ ప్రాణం నేనే కాపాడానన్నారు, కొందరు నా చెయ్యి మంచిది కాదన్నారు. రెండూ నిజం కాదని ఎవరికి చెప్పను? ఆ పన్నెండుమందిలో రెండో విడత పరీక్షకు వచ్చినవాళ్లు నలుగురే. నేను మళ్లీ ఇంటింటికీ ఫోన్లు చేశాను. అలసట అంటే ఏమిటో ఆ ఫోన్లు నేర్పాయి.

తర్వాత మరో పద్నాలుగేళ్లు అదే పని చేసి రిటైరయ్యాను. డిజిటల్ యంత్రాలు వచ్చాయి, డార్క్ రూమ్ మూసేశారు. ముందుగా పట్టుకోవడం గురించి నాకు తెలిసింది మాత్రం పెద్దగా పెరగలేదు. నీడ ఎందుకు పడిందో నాకు తెలుసనిపించిన ఫిల్ముని కూడా మళ్లీ తీయాలి. బయట తొమ్మిదిమంది ఉంటారు, మన కాళ్లు పీకుతుంటాయి, ఎదుటి మనిషి చీర కట్టేసుకుని ఉంటుంది. అయినా మళ్లీ గౌను వేసుకోమని చెప్పాలి. ఆవిడ విసుక్కుంటుంది. విసుక్కోనివ్వాలి.