బొమ్మలో ఎలుక ఉంది కదా అని

నేను సీరియళ్లలో ఏడుస్తాను. తెరమీద ఏడ్చేది వేరొకావిడ, గొంతు మాత్రం నాది. పదిహేడేళ్లుగా ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతున్నాను. మొదట్లో హీరోయిన్ స్నేహితురాళ్లకి చెప్పేదాన్ని, తర్వాత వదినలకి, ఇప్పుడు తల్లులకీ అత్తగార్లకీ. ఈమధ్య సీరియళ్లు తగ్గి ఆరోగ్యం వీడియోలు ఎక్కువయ్యాయి. ఎక్కడో ఇంగ్లీషులో తయారైన వీడియోకి తెలుగులో మాటలు రాయించి, నాచేత చదివించి, ఫోన్లో చూసుకునే ఒక ఛానల్లో పెడతారు. "తాజా పరిశోధనలో తేలిందేమిటంటే" అని మొదలుపెట్టి నాలుగైదు నిమిషాలు చదవాలి. ఏడవక్కర్లేదు కాబట్టి గొంతుకి హాయి.

మనసుకి మాత్రం హాయి లేదు. ఒక నెలలో కాఫీ గుండెకి మంచిదని చదివాను. ఆ సంతోషంలో రోజుకి మూడు కప్పులు తాగుతుంటే, ఆ పై నెలలో కాఫీ నిద్రని ఎలా పాడుచేస్తుందో నాచేతే చదివించారు. గుడ్డులో పచ్చసొన తినొచ్చా, తినకూడదా అన్నది మూడుసార్లు చదివినా నాకు తేలలేదు. పదివేల అడుగులు నడవాలని చదివిన రోజున పార్కు చుట్టూ తిరిగి మోకాళ్లు పట్టేసుకుని ఇంటికొస్తే, అన్ని అక్కర్లేదన్న వీడియో మర్నాడు స్టూడియోలో సిద్ధంగా ఉంది. "నువ్వు చదివిందల్లా చేసేస్తే నీకు ముందు కావలసింది డాక్టరు" అని మావారు ఏడిపించేవారు. ఆయనకేం, ఎడిటింగ్ గదిలో పని. ఏ మాటైనా ఆయనకి కోసి అతికించే ముక్కే.

మేం రహమత్ నగర్‌లో పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో అద్దెకి ఉంటున్నాం. కింద ఇంటి ఓనరు, పైన మేం. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, మోతీనగర్‌లో ఉంటుంది, బడిలో టీచరు. మేం చేరిన కొత్తలో నేను మా గుడివాడ అలవాటు కొద్దీ "ఏవండీ, నీళ్లు వచ్చాయాండీ" అంటుంటే, "గీ అండి గిండి ఏంది చెల్లె, అక్క అను" అంది. అప్పట్నుంచి ఆమె నాకు అక్క. నాకు జ్వరమొస్తే జొన్నగటక కాచి పైకి తెచ్చేది. అది నాకు గొంతు దిగదని తెలిసి కూడా, ఎదురుగా కూర్చుని తాగించేది.

అక్కకి షుగరు. పొద్దునొక గోలీ, సాయంత్రమొక గోలీ. వాటిని తిట్టని రోజు లేదు. సోమవారం, శనివారం ఒక్కపొద్దులు ఉంటుంది. ఏ దేవుడి కోసమని అడిగితే, "గోలీలు మింగకుంట బతికే దినం కోసం" అనేది. నేను నవ్వేదాన్ని.

ఇక ఆ వీడియో సంగతి. ఉపవాసం మీద వచ్చింది. రచయిత రాసిచ్చిన కాగితంలో వాక్యం ఇలా ఉంది: "ఉపవాసం తరహా ఆహారం ఇచ్చిన ఎలుకల్లో, ఇన్సులిన్ తయారుచేసే కణాలు మళ్లీ పుట్టినట్టు శాస్త్రవేత్తలు గమనించారు." చదివాను. రికార్డింగ్ ఇంజనీరు అద్దం అవతలి నుంచి, "అమ్మా, కొంచెం పొడుగొస్తోంది. బొమ్మ మారిపోతోంది" అన్నాడు. వేగంగా చదివాను. అయినా ఒక్క మాట మిగిలిపోయింది. ఇంగ్లీషులో వాళ్లు ఇంత పొట్టిగా ఎలా చెబుతారో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మా పనిలో ఒక అలవాటుంది. బొమ్మ నిడివికి మాట సరిపోకపోతే, ముందుగా తీసేసేది బొమ్మలో కనిపిస్తున్న దాన్ని. హీరో కత్తి పట్టుకుని నిలబడితే "నా చేతిలో కత్తి ఉంది" అనక్కర్లేదు, "నా చేతిలో ఉంది" అంటే చాలు. చూసేవాడికి కళ్లున్నాయి. అప్పుడు తెరమీద బుల్లి గాజు పెట్టెలో తెల్ల ఎలుక కనిపిస్తోంది, మీసాలు కూడా ఆడిస్తోంది. ఎలుక ఉంది కదా, మళ్లీ నోటితో ఎందుకు అనుకున్నాను. "ఉపవాసం తరహా ఆహారంతో ఇన్సులిన్ తయారుచేసే కణాలు మళ్లీ పుట్టినట్టు శాస్త్రవేత్తలు గమనించారు." సరిగ్గా సరిపోయింది. ఇంజనీరు బొటనవేలు పైకెత్తి చూపించాడు. మరో టేక్ కూడా అడగలేదు. ఆ రోజు తొందరగా వదిలేశారని సంతోషంగా ఇంటికి వచ్చాను.

ఒక పది రోజుల తర్వాత అక్క వాకిట్లో కూరగాయలు బేరమాడుతూ కనిపించి, "చెల్లె, నీ గొంతు విన్న ఫోన్ల. మస్తు చెప్పినవ్" అంది. నాకు కొమ్ములు మొలిచాయి. సీరియళ్లలో ఇన్నేళ్లు ఏడిస్తే మెచ్చుకోని మనిషి ఇప్పుడు మెచ్చుకుంది. ఏ వీడియో అని అడగలేదు. థాంక్స్ అక్కా అనేసి, తల ఎగరేసుకుంటూ మెట్లెక్కాను. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు నామీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నెలన్నర దాటాక అక్క ఒక పెళ్లికి కొత్త చెప్పులు వేసుకుని వెళ్లింది. కుడికాలి బొటనవేలి దగ్గర చెప్పు కరిచింది. పసుపు పెట్టుకుంది, ఊరుకుంది. వారం పోయాక ఆమె కుంటుతుంటే చూసి నేను అడిగితే, "ఏం లేదు, పుండు మానుతలేదు" అంది. కట్టు విప్పించి చూశాను. వేలు నల్లబడుతోంది. వాసన. వెంటనే కూతురికి ఫోన్ చేసి, ఆమె నేరుగా ఆస్పత్రికి వస్తానంటే, నేను అక్కని ఆటోలో ఎక్కించుకుని బయల్దేరాను.

ఆటోలో అడిగాను. "గోలీలు సరిగ్గా వేసుకుంటున్నావా అక్కా?"

"బంద్ చేసిన."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలైతుంది. ఒక్కపొద్దులు ఎక్కువ చేసిన, గోలీలు బంద్ చేసిన. ఉపాసముంటే షుగర్ కణాలు మళ్ల పుడ్తయని నువ్వే చెప్పినవ్ గద."

చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడింది. పక్కనే బస్సు హారన్ కొడుతోంది. నేనెప్పుడు చెప్పాను? ఎవరికి చెప్పాను? తర్వాత ఆ వాక్యం నా గొంతుతోనే నాకు వినిపించింది, వెనకే ఆ తెల్ల ఎలుక కూడా గుర్తొచ్చింది. "వీడియోలో ఎలుకని చూశావు కదా అక్కా" అన్నాను.

"ఎలుక ఏంది? ఫోను బియ్యం డబ్బ మీద పెట్టి, వంట చేసుకుంట విన్న."

చూసేవాడికి కళ్లున్నాయి అనే మా అలవాటు సినిమా హాల్లో పుట్టింది. ఫోనుని రేడియోలా వింటూ చారు పెట్టుకునే ఆడవాళ్ల గురించి అందులో ఎవరూ ఆలోచించలేదు. నేనూ పొద్దున్నే చారు పెట్టుకుంటూ ఫోను వినేదాన్నే. నాకైనా తట్టొద్దా?

ఆస్పత్రిలో డాక్టరు కాలు చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు. షుగరు ఎంత ఉందో చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. "వేలు ఉంచగలమో లేదో రెండు రోజుల్లో చెబుతాను. ఆలస్యం చేస్తే పాదం దాకా పోతుంది" అన్నాడు. కూతురు గోడకి ఆనుకుని ఏడుస్తోంది. డాక్టరు కాగితం మీద రాస్తూ, "మందులు ఎవరు మానేయమన్నారమ్మా మిమ్మల్ని?" అని అడిగాడు.

అక్క నావైపు చూసింది. నేను ఆమె పక్కనే బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఎవ్వలు అనలే సార్. యాది మర్చిన" అంది.

నా బతుకంతా గొంతుతోనే గదా, ఆ పూట అది రాలేదు. అక్క అబద్ధం ఎందుకు చెప్పింది, నేను నిజం ఎందుకు చెప్పలేదు, రెండూ తెలియలేదు. డాక్టరు నావైపు తిరిగి, "మీరు పక్కింటివారా? రోజూ గుర్తుచేస్తూ ఉండండి" అన్నాడు. "అలాగేనండి" అన్నాను. బయటికొచ్చాక బాత్రూంలోకి వెళ్లి నిజంగా ఏడ్చాను. సీరియల్లోలా రాలేదు, దగ్గులాగా వచ్చింది.

మూడో రోజు వేలు తీసేశారు.

ఆ వారమంతా నేను కనిపించిన ప్రతివాళ్లనీ అడిగాను, నా తప్పేనా అని. మావారు, "నువ్వు చదివావు. పరిశోధన చేసింది నువ్వు కాదుగా" అన్నారు. ఇంజనీరు నాకు టీ తెప్పించి, "బొమ్మలో ఉందమ్మా ఎలుక. క్లియర్‌గా ఉంది" అని వీడియో పెట్టి మరీ చూపించాడు. ఎలుక ఉంది, నిజమే. ఛానల్ మేనేజరు, "కింద రాశాం కదా మేడమ్, డాక్టర్ని సంప్రదించండి అని" అన్నాడు. అదీ నిజమే. చీమల బారులా అక్షరాలు పాక్కుంటూ పోయాయి. ఆ వాక్యం ఎలుకలతో సహా మళ్లీ చెబుతానన్నాను. చూద్దామన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

పోనీ అసలు పరిశోధనలో ఏముందో తెలుసుకుందామని, ఆస్పత్రిలో ఉన్న చిన్న డాక్టరమ్మని అడిగాను. ఉపవాసమంతా అబద్ధమని ఆవిడ అంటుందనుకున్నాను. అలా అనేస్తే నేను చేసింది పూర్తి తప్పని తేలిపోయేది, మనసు ఒక దారిన పడేది. ఆవిడ అలా అనలేదు. ఎలుకల్లో చూసింది నిజమేనంది. కొందరు మనుషులకి కూడా తిండి మార్చి, బరువు తగ్గించి, డాక్టర్లు దగ్గరుండి చూసుకుంటూ మందులు తగ్గించిన సందర్భాలు ఉన్నాయంది. అయితే ఎవరికి పనిచేస్తుందో ఇంకా చూస్తూనే ఉన్నారట. సొంతంగా మాత్రం ఎవరూ ఆపకూడదట. "అంటే మంచిదా, చెడ్డదా?" అన్నాను. "ఎవరికి, ఎప్పుడు అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా" అంది. ఇంత పెద్ద జవాబు ఏ బొమ్మ నిడివిలో పడుతుంది? వెళ్లినప్పటికంటే ఎక్కువ అయోమయంతో తిరిగొచ్చాను.

అక్క ఇంటికొచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం కిందకి వెళ్లాను. మంచం మీద కూర్చుని, కాలు దిండు మీద పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను కూడా ఒక గుప్పెడు తీసుకుని పక్కన కూర్చున్నాను. అంతా చెప్పేశాను. కాగితంలో ఏముందో, ఇంజనీరు ఏమన్నాడో, ఏ మాట ఎందుకు తీసేశానో. అక్క ఈనెలు తీస్తూనే వింది.

"ఎలుకలకా?" అంది చివరికి.

"ఎలుకలకే."

మళ్లీ రెండు కాయలు తీసింది. నేను ఆగలేకపోయాను. "నీ వేలు నావల్లే పోయింది అక్కా" అన్నాను. అనేసి, కాదంటుందని ఎదురుచూశాను. సిగ్గులేకుండా ఎదురుచూశాను. ఇంట్లో కాదన్నారు, స్టూడియోలో కాదన్నారు. ఈమె కూడా ఒక్కసారి కాదనేస్తే ఇక ఆ ప్రశ్న వదిలేద్దామని ఉంది.

"అవును, నీ వల్లనే" అంది అక్క.

చేతిలో కాయని ఈనెతో సహా గిన్నెలో పడేశాను.

"డాక్టర్ కాడ చెప్పలే, నువ్వు నా ఇంటి మనిషివి. నీకు చెప్పొద్దా మరి? ఆయన రాసిచ్చిన చిట్టీ కన్న నీ మాటే ఎక్కువనుకున్న. అది నా తప్పు. మాట తీసేసినవ్, అది నీది." కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది. తర్వాత చిక్కుళ్ల గిన్నె నావైపు జరిపింది. "రేపు పదింటికి కట్టు మార్పిచ్చుకోవాలె. బిడ్డకు బడి ఉంది. నువ్వు తోల్కపో."

మర్నాడు పదింటికి నాకు రికార్డింగ్ ఉంది. రానని స్టూడియోకి ఫోన్ చేశాను. ఇన్నాళ్లకి ఒక మనిషి నాతో ఔనంది, అందుకు నాకు ఏడుపు రావాలో, ఊపిరి పీల్చుకోవాలో తెలియలేదు. రెండూ జరిగాయి.

పొద్దున్న ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. అక్క లేచి, నా భుజం మీద చెయ్యి వేసి మూడడుగులు బాగానే వేసింది. గడప దాటబోతూ కుడికాలు ముందుకి మోపి, పక్కకి తూలింది. కింద పడకుండా నా రెండు భుజాలూ పట్టుకుని నిలబడి, బొటనవేలు లేని కాలివైపు చూసుకుంది. "నిలబడేది దానిమీదనా చెల్లె? నాకు ఇన్నేండ్లు తెల్వదు" అంది.

నాకూ తెలియదన్నాను.