కొత్త కాకముందు తిన్న మామిడికాయ

మా వంటింటి అలమరలో వారం రోజులుగా ఇప్పపువ్వు లడ్డూల డబ్బా ఒకటి ఉంది. మూత తీయగానే ముందు బెల్లం వాసన వస్తుంది, దాని వెనకే మాగిన పండులాంటి, కాస్త మత్తుగా ఉండే మరో వాసన వస్తుంది. మా ఇంట్లో వాళ్ళకది పడదు, మూత గట్టిగా బిగించమంటారు. నేను మాత్రం రోజుకోసారి తీసి చూస్తున్నాను. తీసిన ప్రతిసారీ కిన్నెరసాని అవతలి కోయపల్లె ఒకటి కళ్ళ ముందుకొస్తుంది, తొమ్మిదేళ్ళ వయసులో నేనక్కడ చేసిన పనీ పిలవని పేరంటంలా దాని వెంటే వస్తుంది.

మాది పాల్వంచ. నాన్న అక్కడి కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. కాలనీలో క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి, ఆరేసిన బట్టల మీద గాలి తిరిగినప్పుడల్లా సన్నని బూడిద పడేది, అమ్మ వాటిని దులిపి దులిపి మడతపెట్టేది. నాన్నతో అదే షిఫ్టులో జోగయ్య అనే ఆయన పనిచేసేవాడు. అడవి లోపలి కోయపల్లెలో వాళ్ళమ్మ, భార్య, కూతురు సమ్మక్క ఉండేవాళ్ళు. పెద్ద పరీక్షలు అయిపోగానే నన్ను పది పదిహేను రోజులు అక్కడ దింపి రావడం రెండేళ్ళుగా అలవాటైంది. "అడవిలో పిల్లనెట్లా వదుల్తారండీ" అని అమ్మ ప్రతిసారీ అనేది, "జోగయ్యకు పిల్ల లేదా ఏంది" అని నాన్న ప్రతిసారీ అనేవాడు, ఆ తర్వాత నా సంచీ సర్దేది అమ్మే.

దారిలో కిన్నెరసాని దగ్గర ఆగి అందరూ చూసేవన్నీ చూసేవాళ్ళం. ఆనకట్ట, కంచె వెనక జింకలు, నీళ్ళ మధ్య మొసలి అని నాన్న చూపించే ఏదో ఒక దుంగ. అక్కడి నుంచి టేకు చెట్ల మధ్య ఎడ్లబండి, కాలి కింద పెళపెళలాడే ఎండుటాకులు. పల్లె చేరేసరికి జోగయ్య తల్లి వాకిట్లో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉండేది. ఆమెను ఊరంతా అవ్వ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని.

తెల్లవారకముందే అవ్వ మమ్మల్ని లేపేది. ఇప్పచెట్ల కింద రాలిన పూలు వెన్నపూస ముద్దల్లా మెత్తగా, చల్లగా తగిలేవి. బుట్ట నిండేలోగా వేళ్ళన్నీ జిగురయ్యేవి, తేనెటీగలు చెవుల దగ్గర జుమ్మనేవి, ఎండ పడకముందే ఇంటికి తెచ్చి చాపల మీద ఆరబోస్తే మధ్యాహ్నానికి వాకిలంతా మగ్గిన వాసన పట్టేది. పొద్దునపూట జొన్న అంబలి, మధ్యాహ్నం ఎండబెట్టి దాచిన వెదురు కొమ్ముల కూరో చింతచిగురు పప్పో, ఎండ తగ్గాక వాగు ఇసుకలో చెలమ తవ్వి ఊరిన నీళ్ళు దోసిలితో తాగడం. వాళ్ళింట్లో వాళ్ళు కోయలో మాట్లాడుకునేవాళ్ళు, నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు. సమ్మక్క నాకంటే ఏడాది పెద్దది. గురి చూసి రాయి విసిరితే తేనెపట్టు పడాల్సిందే, నేను విసిరితే రాయి మళ్ళీ కనిపించేది కాదు.

ఆ ఏడు సమ్మక్క ధ్యాసంతా మామిడి కొత్త మీదే ఉంది. ఆ పల్లెలో ఏ కొత్త పంటైనా పూజారి ముందుగా దేవతకు పెట్టాకే ఊరు నోట పెట్టుకుంటుంది, దాన్నే కొత్త చేయడం అంటారు. మామిడి కొత్త నాటి సాయంత్రం ఆడవాళ్ళు నడుములు చుట్టి పట్టుకుని వరుసగా ఆడతారు. అప్పటిదాకా పిల్లల గుంపులో గంతులేసిన సమ్మక్కను ఆ ఏడు మొదటిసారి పెద్దవాళ్ళ వరుసలోకి రమ్మన్నారు. జోగయ్య కొత్త చీర కొన్నాడు. పొద్దస్తమానం సమ్మక్క నా నడుము పట్టుకుని వాకిట్లో అడుగులు వేసి చూపించేది, నేను తప్పు వేస్తే విసుక్కునేది.

ఇంటి వెనక మామిడిచెట్టు చేతికందేంత కిందికి కాసింది. కాలనీలో మేం పిందె పట్టింది మొదలు ఉప్పూ కారం అద్దుకుని తినే జాతి. నా సంచీలో ఉప్పుకారం పొట్లం కూడా ఉంది. నేను కాయ తెంపడం చూసి సమ్మక్క పరుగెత్తుకొచ్చింది.

"వద్దు, ఇంక కొత్త కాలే. తింటే తప్పు పడ్తది."

"ఎవరు చూస్తారు?" అన్నాను.

"నువ్వు తిను గని నాకియ్యకు" అని అది మొహం తిప్పుకుని నిలబడింది. నేను రాతి మీద కొట్టి, తొక్కలు ఊసేసి, లోపలి లేత టెంకతో సహా తిన్నాను. పళ్ళు పులిసిపోయాయి. నిజానికి అంత రుచిగా కూడా లేదు.

మర్నాడు పొద్దున ఆ తొక్కలు ఎవరి కంటనో పడ్డాయి. పూజారి వచ్చాడు, వెనక నలుగురు పెద్దలు వచ్చారు. సన్నగా, ఎత్తుగా ఉండే ఆయన గొంతు పెంచకుండానే కోయలో ఏదో అడిగాడు. ఆ భాష నాకు రాదు కదా అని తర్వాత చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, ఏమడిగాడో నాకు బాగానే అర్థమైంది. సమ్మక్క నా వైపు చూడలేదు. ఒక అడుగు ముందుకేసి ఒక్క మాట అంది. ఆ ఏడు అది ఆట వరుసలో నిలబడకూడదని, పూజ సామాను ముట్టుకోకూడదని తీర్పయింది. నేను నోరు విప్పలేదు. భయమేసింది. నన్ను మళ్ళీ రానివ్వరేమోననే భయం కొంత, నాన్న దాకా పోతుందేమోననే భయం ఎక్కువ.

సాయంత్రం అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సొన తగిలి నా పెదవి కొస పొక్కి ఉంది. ఆమె ఇప్పనూనె వేలికి తీసుకుని దాని మీద నెమ్మదిగా రాసింది. "మండుతుందా బిడ్డా?" అంది. లేదన్నాను. ఇంకేమైనా అడుగుతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను, ఆమె అడగలేదు. గండం గడిచిందనుకున్నాను.

మూడు రోజులకు పండుగ జరిగింది. డోలు మోగింది, మగవాళ్ళు కొమ్ముల తలపాగాలు పెట్టుకుని వచ్చారు, కోసిన మామిడి ముక్కలు మోదుగాకుల్లో పంచారు. ఆడవాళ్ళ వరుస కదిలింది. సమ్మక్క పాత గౌనులో దూరంగా దడికి ఆనుకుని నిలబడి ఉంది, పాదాలు మాత్రం నేల మీద అడుగులు వేస్తూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అయినా చెప్పలేదు. మరుసటి ఏడు నాన్న వేరే ఊరికి మారాడు, మేం మళ్ళీ అటు వెళ్ళలేదు.

పోయిన వారం మా వీధి ఆడవాళ్ళం బస్సు మాట్లాడుకుని భద్రాచలం, పర్ణశాల, కిన్నెరసాని చూసి చివరికి ఆ పల్లెకే వెళ్ళాం. ఇప్పుడది చూడాల్సిన చోట్ల లిస్టులో ఉంది. ఊరి మొదట్లో రంగుల బోర్డు, దాని మీద అడవి, వాగు, పండుగలు, ఆటపాటల గురించి నాలుగు వాక్యాలు. మిట్టమధ్యాహ్నం మా కోసం ఆడవాళ్ళు ఆట ఆడారు, మావాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వరుసకు మొదట నిలబడింది సమ్మక్క. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం మారలేదు. ఆట అయ్యాక ఒక అమ్మాయి ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు ఆకుల్లో తెచ్చిపెట్టింది.

"కొత్త అయిందా?" అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది.

వెనక నుంచి సమ్మక్కే జవాబిచ్చింది. "ఇంక కాలే. మేం తినం. మీరు చుట్టాలు గద, మీకేం తప్పులేదు, తినుండ్రి."

"చుట్టాలకు తప్పులేదని ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచేంది, మొదటి నుంచీ గంతే."

ముక్క చేతిలోనే ఉండిపోయింది. నా పేరు చెప్పాను, నాన్న పేరు చెప్పాను. కాసేపటికి "నువ్వా!" అని నా మణికట్టు పట్టుకుంది. పోయినవాళ్ళ గురించి, ఉన్నవాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. చివరికి అడిగేశాను. "ఆ రోజు నేనే తిన్నానని చెప్పి ఉంటే నీకు తప్పు పడేది కాదు కదా?"

"పడకపోతుండె."

"తెలిసే నీ మీద వేసుకున్నావా?"

"నాకేం తెల్సు, చిన్నదాన్ని. ఇంట్లున్న చుట్టం మాట పడొద్దని నేనే తిన్ననని అన్న. అవ్వకు తెల్సు. చుట్టాన్ని మనం చూపెట్టొద్దు, ఆ పిల్లే చెప్పాలె అన్నది. ఆట మొదలైనంక గూడ చూసింది, నువ్వు లేచి చెప్తవేమోనని."

అవ్వ పోయి ఇరవై ఏళ్ళు దాటిందట. వాళ్ళ ఇల్లున్న చోట బస్సులు నిలిపే షెడ్డు వేశారు, మామిడిచెట్టు రోడ్డులో పోయింది, ఆ పూజారి కొడుకులు ఏదో ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. బస్సు హారన్ కొడుతుంటే సమ్మక్క లడ్డూల డబ్బా నా చేతిలో పెట్టింది, వద్దన్నా వినలేదు. ఆ పండుగ సాయంత్రం నేను అవ్వ పక్కనే కూర్చున్నాను. ఆమె మాటిమాటికీ నా వైపు తిరిగి చూస్తుంటే, నాకు ఆకలేస్తోందేమోనని కనిపెట్టుకుంటోంది అనుకున్నాను.