తేమ చెప్పే డబ్బాలు

ఊరికే వచ్చేదేదైనా పుట్టగొడుగులావిడకు అనుమానమే. ఇంటి వెనక మూడు గదుల్లో ఏళ్ల తరబడి పుట్టగొడుగులు పెంచుతోంది. ఈమధ్య మూడో గదిలో పంట ఎండి, అంచులు చిట్లిపోతుంటే, కోడలు అగ్గిపెట్టెంతేసి డబ్బాలు తెచ్చి గదికొకటి తగిలించింది. గాలిలో తేమ ఎంతుందో కొలిచి, ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ, తీగ లేకుండానే ఇంట్లో కంప్యూటరుకు కబురు చేరవేస్తాయట.

"వీటిని నడిపించే ప్రోగ్రాం ఎక్కడ కొన్నావు?"

"కొనలేదత్తయ్యా, ఇంటర్నెట్లో ఉచితం. లోపల ఏం రాసుందో ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"అయితే దొంగవెధవ కూడా చదువుకోవచ్చన్నమాట!"

కోడలు నవ్వేసింది. అత్తగారు నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే చప్పుడు కాకుండా మూడో గదిలోకి వెళ్లి, డబ్బా మీద తడిగుడ్డ కప్పింది. కాసేపటికి ఇంట్లోంచి కేక: "అత్తయ్యా, మూడో గదిలో నీళ్లేమైనా చల్లారా?"

ఆమె తడిగుడ్డ లాగేసింది. గబగబా వచ్చి కంప్యూటరు ముందు బైఠాయించింది.

"నీకు తెలిసింది సరే. ఇంకెవరికి తెలిసింది? చూపించు."

"ఎవరికి తెలుస్తుందత్తయ్యా..." అంటూ ప్రోగ్రాం చూపించబోయి, కోడలు ఒకచోట ఆగిపోయింది. మొహం చిన్నబోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన నమూనాను ఉన్నదున్నట్టు వాడేసింది. అందులో ఎవరిదో బయటి కంప్యూటరు చిరునామా అలాగే ఉండిపోయింది. తమ గదుల తేమ లెక్కంతా అక్కడికీ వెళ్తోంది.

"చూశావా! నేను అనలేదూ?"

ఆ చిరునామా చెరిపేసేదాకా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

ఆ తర్వాత ఇంకో తంటా వచ్చింది. రోజూ భోజనాలయ్యాక మూడో గదిలో తేమ ధబాలున పడిపోతోందని తెర మీద గీత చెప్పేది. "డబ్బా అబద్ధమాడుతోంది," అని తేల్చేసి, మొదటి గది డబ్బాను అక్కడికి మార్పించింది. అయినా అదే వరస. ఇక ఆవిడ అనుమానం డబ్బాల మీంచి మనుషుల మీదికి మళ్లింది. మర్నాడు భోజనం ముగించగానే వెళ్లి తలుపు సందులోంచి తొంగిచూసింది.

లోపల మొగుడు! కిటికీ బార్లా తెరిచి, సిగరెట్టు పొగ బయటికి ఊదుతున్నాడు. డాక్టరు వద్దన్నాడని, మానేశానని ఒట్టేసిన మనిషి.

"ఓహో! కునుకు తీస్తానన్నది ఇక్కడా?"

ఆయన సిగరెట్టు నలిపేశాడు. "ఎవరు చెప్పారే నీకు?"

ఆవిడ డబ్బా వైపు వేలు చూపించింది.

కిటికీకి తాళం పడింది, తాళంచెవి ఆవిడ కొంగున చేరింది. పంట మళ్లీ తెల్లగా గుత్తులు కట్టింది. ఆయన ఆ గది గుమ్మం తొక్కడం మానేశాడు. ఒకరోజు కోడల్ని రహస్యంగా అడిగాడు: "ఆ డబ్బా మాటలు కూడా వింటుందా, అమ్మా?"

పక్కగదిలో ఉన్న ఆవిడ, కోడలు ఏం చెబుతుందోనని చేస్తున్న పని ఆపి చెవులు రిక్కించింది.